బొట్టు పెట్టని పిలుపు

ఈమధ్య బాపట్లలో మా ఇంటికి ఒకమ్మాయి వచ్చింది. కొత్తగా లైబ్రేరియన్ ఉద్యోగంలో చేరిందట. "రంగుల పోస్టర్లు వేయించానండి, ఊరంతా అంటించానండి, మీటింగుకి ఒక్కళ్ళు కూడా రాలేదండి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాఫీ ఇచ్చి ఊరడించాను గానీ లోపల కొంచెం నవ్వొచ్చింది. నోటీసు అంటించి గుమ్మంలో నిలబడి జనం కోసం ఎదురుచూడటంలో నేను ఆ అమ్మాయికి చాలా సీనియర్ని. నా కథ చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆమె బస్సు టైమైపోయి లేచి వెళ్ళిపోయింది. మిగతా సగం కోసం మళ్ళీ వస్తుందో రాదో తెలియదు కనుక, ఆమెకూ ఆమె తోటివాళ్ళకూ పనికొస్తుందని మొత్తం రాసి పెడుతున్నాను.

డెబ్బైల మొదట్లో నన్ను తెనాలి నుంచి రేపల్లె శాఖా గ్రంథాలయానికి వేశారు. తెనాలిలో నేను పదిమందిలో ఒక సహాయకురాలిని. రేపల్లెలో నేనే సర్వాధికారిని, అంటే నేనూ, నాకు రెట్టింపు వయసున్న ఒక అటెండరూ. పొద్దున్నే తెనాలిలో పాసింజరెక్కి, వేమూరు, భట్టిప్రోలు మీదుగా బొగ్గునుసి మొహాన పూసుకుని దిగేదాన్ని. లైబ్రరీ ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు తెరిచేవాళ్ళం. మధ్యాహ్నం మూత. ఇంటికి పోయి రావడానికి రైళ్ళు కుదరవు. కారియరు విప్పుకుని తిని, ఖాళీ హాల్లో ఈగలు తోలుకుంటూ కూర్చునేదాన్ని.

తెరిచి ఉన్నప్పుడు హాలంతా మగవాళ్ళే. ఒక్క పేపరు ఏ పుటకా పుట విడిపోయి నలుగురి చేతుల్లో ఉండేది. ఎదురుగా కాఫీ హోటలు. ఆ హోటలు అరుగు మీది చూపులన్నీ దాటుకుని ఒక ఆడమనిషి లైబ్రరీ మెట్లెక్కడం నేను చూడలేదు, నన్ను మినహాయిస్తే. అలాగని ఆడవాళ్ళు చదవరా అంటే, నవలలన్నీ చదివేది వాళ్ళే. భర్త చేతో, తమ్ముడి చేతో చీటీ పంపేవారు. అందులో "ఏదైనా మంచి నవల" అని ఉండేది. ఏది మంచిదో ఆ వచ్చిన మగమనిషి తేల్చేవాడు. తన పెళ్ళానికి నచ్చేదేంటో తెలియని వాళ్ళు ఊళ్ళో అంతమంది ఉన్నారని నాకు లైబ్రరీ బల్ల వెనక కూర్చున్నాకే తెలిసింది.

ఒక్క చీటీ మాత్రం వేరుగా ఉండేది. దాన్ని రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే ఒకాయన తెచ్చేవాడు. అన్నీ డిటెక్టివ్ నవలలే. అట్ట మీద బాకు, రక్తం, జుట్టు విరబోసుకున్న స్త్రీ. ఆయన ఆ పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టుకుంటూ హాల్లో అందరికీ వినపడేలా "మా వదినగారికండి, నాకు కాదండి" అనేవాడు. ప్రతిసారీ అనేవాడు. ఆ వదినగారి చీటీలో పెన్సిలుతో పొడుగాటి అక్షరాలు: "ఇందులో హంతకుడు గుమాస్తా అని మూడో అధ్యాయంలోనే తెలిసిపోయింది. ఇంకాస్త తెలివైన రచయిత ఎవరైనా ఉంటే పంపించండి." నాకు ఉత్సాహం వచ్చేసింది. అదే చీటీ వెనక జవాబు రాసి పంపాను. అలా ఇద్దరం మొహాలు చూసుకోకుండానే స్నేహితులమయ్యాం. ఎవరో చలాకీ పిల్ల అయి ఉంటుందని ఊహించుకున్నాను.

హాలు వెనక ఒక గది ఉండేది. దానికి సందు వైపు వేరే తలుపు. విరిగిన కుర్చీలూ పాత పేపర్లూ పోగుపడి ఉండేవి. హోటలు ముందునుంచి రానక్కర్లేదు కనుక ఆ గదిని ఆడవాళ్ళకిమ్మని లైబ్రరీ సలహా సంఘం అధ్యక్షుల వారిని అడిగాను. ఆయనకు ఎరువుల కొట్టుంది, ఆ గది మీద ఆయన కన్ను ఎప్పట్నుంచో ఉంది. అయినా మర్యాదస్తుడు.

"సరేనమ్మా. ఉగాది దాకా చూద్దాం. ఆడవాళ్ళొస్తే గది ఆడవాళ్ళది, రాకపోతే బస్తాలది" అన్నాడు.

గది కడిగించి, సున్నం వేయించి, నోటీసు రాశాను. బుధవారం మధ్యాహ్నం రెండింటికి, లైబ్రరీ మూసి ఉండే వేళ, మహిళలకు ప్రత్యేక సభ. బాపట్ల నుంచి ఒక పెద్ద పండితుణ్ణి పిలిపించాను. స్త్రీలు సద్గ్రంథాలు చదవడం వల్ల కలిగే లాభాల మీద ఉపన్యాసం. ఆయన బస్సులో వచ్చి, గంటసేపు దంచి కొట్టారు. విన్నది నేనూ, అటెండరూ, వానకు తడవకుండా లోపలికొచ్చిన ఒకావిడా. ఆమె నిజాంపట్నం వైపు నుంచి చేపలు తెచ్చి వీధుల్లో అమ్ముకునే మనిషి. బుట్ట పక్కన పెట్టుకుని బుద్ధిగా కూర్చుని, చివర్లో లేస్తూ "బాగా చెప్పాడమ్మా, ఏం చెప్పాడో గానీ" అంది. నిజానికి ఆ సభకు అంతకన్నా మంచి సమీక్ష రాయలేం.

అటెండరు కుర్చీలు సర్దుతూ గొణిగాడు. "నోటీసు చూసి ఆడాళ్ళు వస్తారేంటండీ అమ్మాయిగారూ? మా ఇంట్లో పేరంటానికి సొంత ఆడపడుచే, బొట్టు పెట్టి పిలవలేదని రాలేదు. గోడ పిలిస్తే ఎవరొస్తారండీ?"

మాట సబబుగానే తోచింది. మరి వచ్చాక ఏం చెయ్యాలి? నా చీటీల స్నేహితురాల్ని అడిగాను. మర్నాడే జవాబు: "ఉపన్యాసాలు వద్దు. ఒక హత్య నవల తీసుకుని సగం దాకా పైకి చదివి ఆపెయ్యి. చచ్చినట్టు మళ్ళీ వస్తారు." ఏ నవలో కూడా ఆమే చెప్పింది. జమీందారు బంగళాలో హత్య జరుగుతుంది. మా లైబ్రరీ ప్రతిలో ఆఖరి పుటలు ఎవరో చింపుకుపోయారు. "ఫరవాలేదు. చంపిందెవరో నేను కనిపెట్టాను. ముందు భాగం నువ్వు చదువు, చివర నేను చెప్తా" అని రాసింది. మీరు తప్పకుండా రావాలి అని రాశాను. "పిలిస్తే వస్తాను" అంది. ఊరందర్నీ పిలవబోతున్నాం కదా అనుకున్నాను.

అధ్యక్షుల వారి భార్య నాకు తోడొచ్చింది. ఆమెకు తెలియని గడప ఆ ఊళ్ళో లేదు. ఇద్దరం కుంకుమ భరిణె పట్టుకుని, ఎండలో వీధి వీధీ తిరిగాం. ప్రతి ఇంట్లో బొట్టు పెట్టి, "బుధవారం లైబ్రరీకి రండి" అని పిలిచాం. "లైబ్రరీలో పేరంటమా! ఏం వింతమ్మా" అని నవ్వి, సరేనన్నారు. ఒక సందులో ఓరగా వేసి ఉన్న తలుపు దగ్గర నేను ఆగబోయాను. అధ్యక్షుల వారి భార్య నా మోచెయ్యి పట్టుకుని, "ఇక్కడ పిలవాల్సిన వాళ్ళు లేరులే" అని పక్కింటికి నడిపించింది. లోపల్నుంచి రోట్లో ఏదో దంచుతున్న చప్పుడొస్తోంది. మేం గుమ్మం దాటేలోగా ఆ చప్పుడు ఆగిపోయింది. నేను పట్టించుకోలేదు, ఇంకా చాలా ఇళ్ళు మిగిలి ఉన్నాయి.

బుధవారం గది పట్టలేదు. చాపలు తెచ్చి పరిచాం. చేపలావిడ కూడా మళ్ళీ వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. జమీందారు చచ్చిపడి ఉన్నాడు, అనుమానం వంటమనిషి మీదా, మేనల్లుడి మీదా, డాక్టరు మీదా. తలుపు వెనక అటెండరు చెవి ఆనించి నిలబడ్డాడని ఆయన దగ్గుతో బయటపడింది. సరిగ్గా పోలీసులు మేనల్లుణ్ణి పట్టుకునే చోట పుస్తకం మూశాను. ఎంత గోల! "ఇదేం పద్ధతమ్మా, కూర చేసి అన్నం పెట్టనట్టు" అని ఒకామె నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. కానీ మొదట్నుంచీ మొహం మొహం వెతుకుతూనే ఉన్నాను. నా చీటీల మనిషి ఎవరో తెలియలేదు.

మర్నాడు గుమాస్తాగారు వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టాడు. తువ్వాలు లేదు. "నాకు కాదండి" అనలేదు.

"వదినగారు ఇక పుస్తకాలు వద్దన్నారండి."

"అదేంటండీ? నిన్న రాలేదేం? ఒంట్లో బాగాలేదా?"

ఆయన హాలు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "మా అన్నయ్య పోయి చాలా కాలమైందండి. మీరు మా గుమ్మం దాకా వచ్చి పక్కింటికి వెళ్ళారంట కదండీ. ఆవిడ రోకలి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, తలుపు దాకా వచ్చిందంటండి."

భర్త పోయిన మనిషికి బొట్టు పెట్టి పిలవరు. పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి. తెనాలిలో పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. కానీ కుంకుమ భరిణె చేతికి తీసుకున్న రోజున, దాంతో ఎవర్ని బయటికి నెడుతున్నానో ఒక్క క్షణం ఆలోచించలేదు. ఊళ్ళోకెల్లా ఎక్కువ చదివే మనిషిని, ఆ సభ ఎలా జరపాలో నాకు చెప్పిన మనిషిని, వదిలేసి మిగతా అందర్నీ పిలిచాను. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. చలాకీ పిల్ల కాదు. మా పెద్దమ్మ వయసు. చెంగు తలమీదుగా కప్పుకుని, కళ్ళజోడులోంచి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా? చేతిరాత చూసి ఇంకాస్త పెద్దదానివనుకున్నా."

"తప్పయిపోయింది పిన్నిగారూ."

"కూర్చో. నీ మీద కోపం లేదమ్మాయ్. నీతో వచ్చిన ఆ అమ్మాయి మీదా లేదు, చిన్నప్పుడు దానికి అల్లికలు నేర్పింది నేనే. బొట్టుతో పిలిచే చోటికి నేను రాకూడదు, అంతే. అలవాటైన సంగతే." నా వైపు పీట జరిపి మళ్ళీ అంది. "ఈ ఊళ్ళో బొట్టుతో పని లేని చోటు మీ లైబ్రరీ ఒక్కటే అనుకున్నా ఇన్నాళ్ళూ. దాన్ని కూడా పేరంటం చేసేశారు."

ఉద్యోగంలో నాకు మెమోలొచ్చాయి, బదిలీలొచ్చాయి, పై అధికారుల చీవాట్లు సరేసరి. ఏదీ ఆ మాటంత గట్టిగా తగల్లేదు. అక్కడే, ఆ పీట మీదే తేల్చుకున్నాను.

"వచ్చే బుధవారం ఎవరికీ బొట్టు పెట్టను. మొదటి పిలుపు మీకే. చదివేది మీరే."

"పిచ్చిదానా. నన్ను చూస్తే ఎవరూ రారు. నీ గది పోతుంది."

"పోతే పోనీండి. మీరు రాని గదిలో బస్తాలే ఉండనీండి."

ఆమె కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుంది. నేను సంచిలోంచి ఆ చిరిగిన నవల తీసి ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను.

అధ్యక్షుల వారి భార్యకు చెబితే నిలువునా నీరైపోయింది. "నాకేమన్నా ఆవిడంటే చులకనా అమ్మాయ్? బయల్దేరేటప్పుడు ఆవిడ ఎదురొస్తేనే లోపలికి పోయి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారే, అలాంటివాళ్ళు ఆవిడ ఎదురుగా కూర్చున్న గదిలోకి వస్తారా? మా అత్తగారు నన్ను గడప దాటనివ్వదు. ఒక్క మాట చెప్తా విను. ఆవిడ్ని రమ్మను, వెనక తలుపు చాటున కూర్చోమను. కథ చీటీ మీద రాసిస్తుంది, నువ్వు చదువు. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"ఆవిడకుంటుంది కదండీ" అన్నాను. ఈసారి ఆమె నాకు తోడు రాలేదు.

అందుకని ఒక్కదాన్నే తిరిగాను. చేతిలో భరిణె లేదు. అలమర్లోంచి తీసిన నవలల కట్ట ఉంది. ఇంటికొక పుస్తకం ఇచ్చి, "బుధవారం మిగతా కథ. ఈసారి చెప్పేది ఫలానా సందులో పిన్నిగారు. ఈ పుస్తకం చదివి అప్పుడు తెచ్చివ్వండి" అని ఉన్నదున్నట్టు చెప్పాను. దాచిపెట్టి రప్పించడం నాకిష్టం లేదు. పుస్తకం అందరూ తీసుకున్నారు. పిన్నిగారి పేరెత్తగానే చాలామంది చూపు పక్కకు తిప్పుకుని "చూద్దాంలేమ్మా" అన్నారు. ఒకామె పుస్తకం కూడా వెనక్కిచ్చి తలుపేసుకుంది. భయం లేదని చెప్పను. సాయంత్రం రైల్లో కూర్చుంటే ఎరువుల వాసన అప్పుడే ముక్కుకు తగుల్తున్నట్టుండేది. కానీ వెనక్కి తగ్గాలని మాత్రం అనిపించలేదు.

బుధవారం ఒంటిగంటన్నరకే సందు తలుపు చప్పుడైంది. పిన్నిగారు. లేతరంగు నేత చీర, చంకలో నవల. లోపలికొచ్చి గదంతా కలయజూసి, నేను గోడ వారగా వేసిన కుర్చీని తనే ఎత్తి సరిగ్గా గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"అక్కడెందుకు పిన్నిగారూ, గాలి రాదు."

"వచ్చేవాళ్ళు నన్ను చూసే రావాలమ్మాయ్. చూసి వెనక్కి పోయేవాళ్ళని పోనీ."

రెండైంది. ఎవరూ లేరు. అటెండరు గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతున్నాడు. ఆయన అంత కంగారుపడటం నేనెప్పుడూ చూడలేదు. పిన్నిగారు నిదానంగా పుటలు తిప్పుకుంటోంది. నేను పరిచిన చాపలే మళ్ళీ సర్దుతున్నాను.

ముందుగా చేపలావిడ వచ్చింది. "బుట్ట తొందరగా ఖాళీ చేసుకుని వచ్చానమ్మా. ఎవరు చంపారో చెప్పండి" అని చాప మీద చతికిలబడింది. తర్వాత ఇద్దరు తోడికోడళ్ళు వచ్చారు. పెద్దామె గుమ్మంలో పిన్నిగారిని చూసి ఆగిపోయింది, వెనక్కి తిరిగింది. ఆమె మళ్ళీ ఎప్పుడూ రాలేదు. చిన్నామె కాసేపు తోడికోడలు పోయిన వైపు చూసి, తలొంచుకుని లోపలికొచ్చి గోడకానుకుని కూర్చుంది. ఆ అమ్మాయి ఇంటికెళ్ళాక ఏం పడిందో నాకు తెలియదు. తర్వాత ముగ్గురు, మళ్ళీ ఇద్దరు. పోయిన బుధవారంతో పోలిస్తే సగం కూడా లేరు.

అందరికన్నా ఆఖర్న అధ్యక్షుల వారి భార్య గుమ్మంలో కనపడింది. చెమటతో మొహం తడిసి ఉంది. గడప అవతలే నిలబడి పిన్నిగారి కళ్ళల్లోకి చూసింది. పిన్నిగారు కూడా చూసింది. అప్పుడామె గడప దాటి వచ్చి, అందరికన్నా ముందు, కుర్చీకి ఎదురుగా కూర్చుంది.

"చెప్పండి పిన్నిగారూ. వారం రోజులుగా అన్నం సయించట్లేదు. ఎవరు చంపారు?"

పిన్నిగారు పుస్తకం తెరిచి, మిగిలి ఉన్న పుటలు చదివింది. నాలాగా గొంతు పెంచి, తగ్గించి నాటకం ఆడలేదు. ఇంట్లో చెప్పినట్టు చెప్పింది. చిరిగిన చోటికి వచ్చాక పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. "ఇప్పుడు వినండి. హత్య జరిగిన రాత్రి పాలు విరిగిపోయి పారబోశానని వంటమనిషి రెండో అధ్యాయంలో అంటుంది. అవునా? డాక్టరేమంటాడు? ఆ టైముకి వంటింట్లో పాలు తాగుతున్నానంటాడు. ఏ పాలు తాగాడమ్మా?"

గదిలో ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. "అవును కదా!" "నా తల్లే, పాల సంగతి నేను మర్చేపోయా!" "మగ రచయితకి గుర్తుండదు, మనకి గుర్తుండద్దూ!" చేపలావిడ మాత్రం "నేను మొదట్నుంచీ డాక్టర్నే అనుకున్నా, అంత తియ్యగా మాట్లాడేవాణ్ణి నమ్మకూడదు" అని గట్టిగా వాదించింది. తలుపు వెనక నుంచి అటెండరు "నేనూ అదే అనుకున్నానండీ" అన్నాడు. పిన్నిగారు నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. నాకు ఏడుపొచ్చి, అలమరలో ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

తర్వాత బుధవారానికి మరికొందరు వచ్చారు, ఆ తర్వాత ఇంకొందరు. పిలుపు పద్ధతి కూడా మారిపోయింది. చదవడం అయినవాళ్ళు ఆ పుస్తకం పక్కింట్లో ఇచ్చి "బుధవారం రా" అనేవాళ్ళు. ఎవరింటికైనా ఇవ్వొచ్చు, ఏ గుమ్మమూ దాటిపోనక్కర్లేదు. ఉగాదికి ముందు అధ్యక్షుల వారు సందులోకి వచ్చి, లోపలి గోల విని, తలుపు కొట్టకుండానే వెళ్ళిపోయారు. ఎరువుల బస్తాలకు వేరే చోటు దొరికింది.

పోస్టర్లు వేయించండి పిల్లలూ, నేను వద్దనను. కానీ ఊరంతా వచ్చిన రోజున సంబరపడే ముందు, రాని వాళ్ళెవరో ఒకసారి చూసుకోండి. వాళ్ళు తమంతట తాము మానేశారని అనుకోకండి.

కొన్నేళ్ళకు నన్ను బాపట్ల వేశారు. అక్కడ పాత పుస్తకాలు సర్దుతుంటే ఆ జమీందారు నవల ఇంకో ప్రతి దొరికింది. ఆఖరి పుటలతో సహా. అక్కడే నిలబడి చదివేశాను. ఆదివారం బస్సెక్కి రేపల్లె వెళ్ళాను. పిన్నిగారు బాగా పెద్దదైపోయింది, కళ్ళజోడు అద్దాలు మందమయ్యాయి. పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఆఖరి పుటలు చదివింది. డాక్టరు కాదు. బర్మాలో చచ్చిపోయాడనుకున్న జమీందారు తమ్ముడు ఆఖరి అధ్యాయంలో ఊడిపడి, నేనే చంపానని ఒప్పుకుంటాడు.

ఆమె పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి ఆ పుటలే ఇంకోసారి తిరగేసింది. అనవసరంగా తెచ్చానేమోనని నాకు బెంగ పట్టుకుంది.

"మరి పాల సంగతేంటంట?" అంది చివరికి.

"ఏమీ లేదండి. ఆయన దాన్ని మర్చిపోయినట్టున్నాడు."

"చూశావా! పారబోసిన పాలు డాక్టరు తాగితే రచయితకే తెలియలేదు. మనదే బాగుంది." కళ్ళజోడు తీసి నవ్వింది. "ఆ పుటలు ఎవరు చింపారో గానీ అమ్మాయ్, మంచి పనే చేశారు."

లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి "ఉండు" అంది. లోపలికెళ్ళి లైబ్రరీ ముద్ర ఉన్న ఒక కొత్త నవల తెచ్చింది. నేను బదిలీ అయినదాన్ని, ఆ ఊరి దాన్ని కాదు, బుధవారం నాకు సెలవు దొరుకుతుందో లేదో కూడా తెలియదు. అవేమీ ఆమె అడగలేదు. పుస్తకం నా చేతిలో పెట్టి, "చదవడం అయింది. బుధవారం రా" అంది.

రెండు చేతులా అందుకున్నాను.